ఎదురుగానే అన్నాను

మా పక్క క్వార్టరు పిన్నికి చూపు లేదు. ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. మా నాన్నతోపాటు లోకో షెడ్డులో పనిచేసే డ్రైవరుగారికి అక్క. ముప్పై ఏళ్ళ వయసులో నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఆ తరవాత నాలుగేళ్ళకి, గార్డుగా పనిచేస్తున్న భర్త కూడా పోతే, ఒక్కగానొక్క కూతుర్ని వెంటబెట్టుకుని విజయనగరం నుంచి బిలాస్‌పూర్ తమ్ముడింటికి వచ్చేసింది. నేను పుట్టి పెరిగింది బిలాస్‌పూర్‌లోనే. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆవిడ మా గోడ అవతల ఉంది. ఆ కూతుర్ని నేను అక్కా అని పిలిచేదాన్ని.

ఎనభైల్లో డ్రైవరుగారు టీవీ కొన్నారు. ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వేస్తే రెండిళ్ళవాళ్ళమూ ఆ ముందుగదిలోనే చేరేవాళ్ళం. పిన్ని గోడకి ఆనుకుని పీట మీద కూర్చునేది. మాటలు వినబడుతున్నంతసేపూ ఆవిడకి ఎవరి సాయమూ అక్కర్లేదు. మాటలు ఆగి ఒట్టి సంగీతం వస్తేనే చిక్కు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉండేవారు. పిన్ని మాత్రం మెడ ఇటూ అటూ తిప్పి, "ఏటవుతందే? ఎవులైనా సెప్పండర్రా," అనేది. "ఏం లేదక్కా, నడుస్తున్నాడు," అనేవారు డ్రైవరుగారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఒకరోజు పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు నేను బి.ఏ. మొదటి సంవత్సరంలో ఉన్నాను. మొదట్లో నేనూ అలాగే చెప్పేదాన్ని. హీరోయిన్ పచ్చచీర కట్టుకుంది అంటే పిన్ని ఊరుకునేది కాదు.

"పచ్చంటే ఏ పచ్చే? సిలకపచ్చా, మీ గార్డు బాబాయి జెండా పచ్చా, లేత అరటాకు పచ్చా?"

ముప్పై ఏళ్ళ దాకా చూసిన మనిషి. రంగులన్నీ లోపల ఉన్నాయి. సరైన మాట చెబితే చాలు, బయటికి వస్తాయి. నా దగ్గర ఆ మాటే ఉండేది కాదు. నేను చదివింది హిందీ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ అది అన్నం, పప్పు, డ్యూటీ, నిద్రల దాకానే. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఎప్పుడో గానీ రాని తెలుగు సినిమా వచ్చింది. అందులో పెళ్ళి. పెళ్ళికొడుకు నుదుటికి సెహ్రా కట్టారు పిన్నీ అన్నాను. మధ్యలో పర్దా పట్టుకున్నారు అన్నాను.

"సెహ్రా ఏటే! మనోళ్ళ పెళ్ళిలో సెహ్రా ఎక్కడిది? అది మొహమంతా కప్పుకుని కిందికి ఏలాడతాది. ఇది నుదుటికి కడతారు, బాసికం. అది పర్దా కాదు, అడ్డుతెర. నువ్వు సెహ్రా అంటే నాకు పెళ్ళికొడుకు గుర్రమెక్కి కనబడతన్నాడు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "పేరు తెలిస్తేనే బొమ్మొస్తాదే నాకు. ఏదో నగ, ఏదో బట్ట అంటే నాకేటి కనబడతాది?" అంది.

అలా ఒక్కొక్కటీ నేర్పింది. నత్తుకీ అడ్డబాసకీ తేడా, కంటెకీ కాసులపేరుకీ తేడా. రెండేళ్ళు తిరిగేసరికి నేను సినిమా చెబుతుంటే కళ్ళున్నవాళ్ళు కూడా వినేవారు. "పిన్నికి కళ్ళు నువ్వేనమ్మా," అని కాలనీలో అందరూ అనేవారు. ఆ మాట నాకు బాగా ఎక్కింది. ఇప్పుడు తలుచుకుంటే అక్కడే చెడ్డాను అనిపిస్తుంది. నేనేది చెబితే అదే ఆవిడ లోకం అన్న ధీమా నాకు వచ్చేసింది.

అక్క పెళ్ళి కుదిరింది. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. పెళ్ళి బిలాస్‌పూర్‌లోనే, రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో. మేళం విజయనగరం నుంచి వచ్చింది. కన్యాదానం డ్రైవరుగారూ ఆయన భార్యా చేస్తారన్నారు. భర్తలేని మనిషిని, పీటల దగ్గరికి రాను, దూరంగా ఒక పక్కన కూర్చుంటానని పిన్నే ముందుగా చెప్పేసింది. కానీ నన్ను పిలిచి చెయ్యి పట్టుకుంది.

"పెళ్ళి పొద్దు నా పక్కన కూర్చుని అంతా సెప్పాలే నువ్వు. ఒక్కటీ ఒగ్గీకూడదు. సినిమాలకి సెప్పినావు, నా కూతురు పెళ్ళికి సెప్పవేటి?"

"అదేం మాట పిన్నీ, నీ పక్కనుంచి కదలను," అన్నాను.

ముహూర్తం పొద్దున్న పదిన్నరకి. హాలు నిండిపోయింది. వేసవి రోజులు. పిన్నిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఒక స్తంభం దగ్గర, స్టాండు ఫ్యానుకి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గాలి తగులుతుందని కుర్చీని ఫ్యాను వైపు తిప్పాను. పెళ్ళిమండపం ఆవిడ వీపు వెనక ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ముహూర్తం వేళకి వచ్చి తిప్పుదాంలే అనుకున్నాను. పంతులుగారి మైకు తాలూకు పెట్టె ఆ స్తంభానికే కట్టి ఉంది, మంత్రాలు అక్కడినుంచే వస్తున్నాయి.

"పెళ్ళిపీటలు ఎటేపున్నాయే?" అని అడిగింది.

"ఎదురుగానే పిన్నీ," అన్నాను.

అప్పటికే అక్క స్నేహితురాళ్ళు నన్ను చెయ్యి ఊపి పిలుస్తున్నారు. పెళ్ళికూతురి జడ సర్దాలి, గంపలో కూర్చోబెట్టి తీసుకొచ్చేటప్పుడు వెంట ఉండాలి. అందరూ పట్టుచీరల్లో ఉన్నారు, నేనూ మొదటిసారి పట్టుచీర కట్టుకున్నాను. "ఇప్పుడే వస్తాను పిన్నీ," అని అక్షింతలు ఆవిడ దోసిట్లో పోసి వెళ్ళాను. మళ్ళీ వెళ్ళింది భోజనాల వేళకి.

"ఏటే, రానేలేదు?" అంది, అంతే. కోపంగా కూడా లేదు. "పోన్లే, గట్టిమేళం వినబడ్డాది. నానూ అక్షింతలు ఏసీసేను," అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని భోజనాలకి తీసుకెళ్ళాను. కుర్చీ ఎటు తిరిగి ఉందో అప్పుడు కూడా నాకు గుర్తుకు రాలేదు.

మూడు వారాలకి సదర్ బజారులోని స్టూడియో నుంచి పెళ్ళి వీడియో క్యాసెట్టు వచ్చింది. వీసీఆర్ ఒక్కరోజుకి అద్దెకు తెచ్చారు. పొద్దున్న కాలనీ అంతా వచ్చి చూసి వెళ్ళింది. వీడియోలో ఎవరి మొహం వాళ్ళు వెతుక్కుంటారు. అదుగో నేను, అదుగో మా పెద్దాడు, అని అరుపులు. నేను టీలు అందిస్తూ తిరిగాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లోవాళ్ళు నడుం వాల్చారు. అప్పుడు పిన్ని వచ్చి టీవీ ముందు కూర్చుంది.

"అందరి సూపులూ అయిపోనాయి కదా. ఇప్పుడు నాకు సూపించు."

మొదట్నించీ చెప్పాను. బాగా చెప్పాలని చెప్పాను. పెళ్ళినాడు చెయ్యనిది ఇప్పుడు చేస్తున్నానన్న తృప్తి కూడా ఉంది. అక్కకి కట్టిన మధుపర్కం అంచు, బుగ్గచుక్క, అడ్డుతెర మీద పసుపుతో వేసిన గుర్తు, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్ళికొడుకు చెయ్యి వణికిన సంగతి, అన్నీ చెప్పాను. పిన్ని పెదాలు కదులుతున్నాయి, నా మాటల్ని లోపల మళ్ళీ అనుకుంటున్నట్టు.

గట్టిమేళం మొదలైంది. కెమెరా పట్టుకున్నవాడు మండపం దిగి, హాలు పక్కగా చివరిదాకా వెళ్తూ అందర్నీ చూపించాడు. అందరూ లేచి నిలబడి అక్షింతలు విసురుతున్నారు. ఆ చివర స్తంభం దగ్గర పిన్ని. మండపానికి వీపు పెట్టి నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. దోసిలి ఎత్తి అక్షింతలన్నీ స్తంభం మీదికి, మైకు పెట్టె మీదికి వేసింది. మళ్ళీ చేతులు జోడించి ఆ స్తంభానికే దండం పెట్టింది. ఆవిడ వెనక ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ వెంటనే కెమెరా మండపం దగ్గరికి వచ్చింది. అక్క వెనకాల నేను ఉన్నాను, జడ ముందుకి వేసుకుని, ఎవరితోనో నవ్వుతూ.

నేను చెప్పడం ఆపేశాను.

"ఏటే ఆగిపోనావు? గట్టిమేళం కదా? అక్షింతలు ఏస్తన్నారా? నాను కనబడ్డానా?"

"కనబడ్డావు పిన్నీ," అన్నాను. "నువ్వు అక్షింతలు వేశావు. సరిగ్గా అక్క తల మీదే పడ్డాయి."

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆవిడ బాధపడకూడదని అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదే నిజమైతే, చూపు లేని మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేనేనని ఆ క్షణంలో నాకు అంత గట్టిగా గుర్తొచ్చేది కాదు.

పిన్ని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "అంత దూరాన్నుంచి? తలమీదే?" అంది.

"తలమీదే."

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "ఇంకోసారి ఎయ్యే అది," అంది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే మాట చెప్పాను.

అక్కడితో ఆగలేదు. ఇంటికి ఎవరొచ్చినా పిన్ని ఆ కథ చెప్పేది. "కళ్ళు లేకపోతేనేటి, గురి సూసి ఏసినట్టే నా కూతురు తలమీద పడ్డాయి. ఈ గుంట సూసింది. ఏమే, సెప్పు." నేను తల ఊపితే ఆవిడకి తెలియదు. నోటితోనే చెప్పాలి. "ఔను పిన్నీ." ఎన్నిసార్లు ఔనన్నానో. పక్కింటివాళ్ళకి, ఊరినుంచి వచ్చిన బంధువులకి, కూరగాయల బండి ఆమెకి కూడా హిందీలో చెప్పించింది.

దసరాకి అక్క, బావ వచ్చారు. బావ సొంత వీసీఆర్ తెచ్చారు. పొద్దున్నే అందరం కూర్చున్నాం. నేను ఏదో పని ఉందని వెళ్ళిపోబోతే పిన్ని పోనివ్వలేదు. గట్టిమేళం వినబడగానే చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

"ఇప్పుడొస్తాది. సూడవే అమ్మీ, నా అక్షింతలు నీ తలమీద ఎలగ పడ్డాయో!"

అక్క తెర వైపు చూసింది. ఇంకొంచెం ముందుకి వంగింది. "మమ్మీ, నువ్వు అటు తిరిగి ఎందుకు నిలబడ్డావ్? ఉధర్ తో ఖంభా హై," అంది. అంటూనే నాలుక కరుచుకుంది గానీ అప్పటికే మాట బయటికి వచ్చేసింది.

"స్తంభమా?" అంది పిన్ని.

మేళం ఇంకా మోగుతూనే ఉంది. బావ లేచి టీవీ కట్టేశారు. పిన్ని నేను కూర్చున్న వైపే మొహం తిప్పింది.

"నువ్వున్నావా గుంటా ఇక్కడ?"

"ఉన్నాను పిన్నీ."

"ఎదురుగానే అన్నావు కదే."

ఆవిడ గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. అక్క నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు. "ఆ రోజు నన్ను పీటల మీద కూర్చోబెట్టాక నువ్వు మమ్మీ పక్కకి వెళ్ళిపోయావనుకున్నాను నేను. ఉన్నావనే నిశ్చింతగా కూర్చున్నాను," అంది. తరవాత ఎన్నో ఏళ్ళు మాట్లాడింది నాతో, కానీ మునుపటిలా కాదు.

మూడు ఆదివారాలు నేను ఆ ఇంటికి వెళ్ళలేదు. మా అమ్మ అడిగితే రైల్వే పరీక్షకి చదవాలన్నాను. గోడ పల్చన, అవతలి టీవీ మా ఇంట్లోకి వినబడేది. సంగీతం మొదలై మాటలు ఆగిన ప్రతిసారీ నా చెవులు అటే ఉండేవి. పిన్ని గొంతు వినబడేది కాదు. ఏటవుతందే అని అడగడం మానేసింది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఆవిడ ఒక్కతీ వెనక వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అడుగుల చప్పుడుకే పోల్చుకుంది.

"కూర్చో," అంది.

"తప్పయింది పిన్నీ."

"ఏది తప్పు? కుర్చీయా, మాటా?"

"రెండూ."

"కుర్చీ మరిచిపోనావు. పిల్లవి, పెళ్ళి సందడి. అది నాకు పెద్ద బాధ కాదే. అక్షింతలు స్తంభానికి పడితే పడ్డాయి, దీవెన అటూ ఇటూ పోదు." కాసేపు గింజలు తీసింది. "నా కూతురి పెళ్ళిలో నానెలగ నిలబడ్డానో అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. నాలుగైదు నెలలు ఊరంతా ఆ కత సెప్పుకున్నాను. ఇన్నోళ్ళలో ఎంతమంది లోపల నవ్వుకున్నారో! ఒకటి అడుగుతాను, సెప్పు. ఆ మాట నా కోసం అన్నావా, నీ కోసం అన్నావా?"

నా కోసమే అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాను.

"అచ్ఛా," అంది. "ఇది నిజం మాటేలే."

బావ వీసీఆర్ ఇక్కడే వదిలి వెళ్ళారు. పిన్ని లేచి ముందుగదిలోకి నడిచింది. "రా. ఉన్నదున్నట్టు సెప్పు. ఒక్కటీ ఒగ్గీకు."

చెప్పాను. గట్టిమేళం దాకా వచ్చాం. "నువ్వు మండపానికి వీపు పెట్టి నిలబడ్డావు పిన్నీ. పాపం..." అన్నాను.

"పాపం నువ్వు పెట్టకు. మొహం ఎలగున్నాదో సెప్పు. పాపమో కాదో నాను సూసుకుంటాను."

"నవ్వుతున్నావు. పళ్ళు కనబడుతున్నాయి. కళ్ళు మూసుకున్నావు. దోసిలి నుదుటి దాకా ఎత్తావు. స్తంభానికి దండం పెట్టావు."

"సీర?"

"బూడిదరంగు, సన్నంచు."

"వెనకాల ఎవులైనా ఉన్నారా?"

ఇక్కడ ఆగాను. ఉన్నారంటే ఏం చేస్తున్నారని అడుగుతుంది. లేరంటే మళ్ళీ మొదటికే వస్తాను. "ఇద్దరున్నారు. ఒకావిడ ఎవరో నాకు తెలీదు. రెండో ఆవిడ ఆవపువ్వు రంగు చీర, వంకాయరంగు అంచు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు."

కన్యాదానం అయ్యాక పీటల మీంచి లేచి వచ్చిన మనిషి ఎవరో ఆ చీర రంగే చెప్పేసింది. ఆ చీర పిన్నే తన చేతులతో మరదలికి, డ్రైవరుగారి భార్యకి, పెట్టింది. అంచు వంకాయరంగు కావాలని కొట్లో అడిగి మరీ కొనిపించింది. ఆ మరదలే అప్పుడు వంటింట్లో గిన్నెలు సర్దుతోంది, చప్పుడు మాకు వినబడుతూనే ఉంది.

"ఆ నవ్వు నాకు తెలుసులే," అంది పిన్ని మెల్లగా. "తరవాత ఏటున్నాది, సెప్పు."

తరవాత నేనే ఉన్నాను. అదీ చెప్పాను. జడ ముందుకి వేసుకున్న సంగతీ, నవ్వుతున్న సంగతీ, ఒక్కసారి కూడా స్తంభం వైపు చూడని సంగతీ.

ఆ తరవాత కూడా ఆదివారాలు చెబుతూనే ఉన్నాను. నాకు రైల్వేలోనే క్లర్కు ఉద్యోగం వచ్చింది. మా ఆఫీసు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక ఆపరేటరు ఉండేవారు, తఖత్‌పూర్ దగ్గరి పల్లెటూరి మనిషి, పుట్టుకతోనే చూపు లేదు. పిన్ని సంగతి విని ఆయనా ఆదివారాలు రాసాగారు. పిన్నికి చెప్పినట్టే ఆయనకీ హిందీలో రంగులు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "రంగులు వదిలెయ్ దీదీ, నాకు రంగంటే ఒట్టి పేరు. ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారో చెప్పు. ముట్టుకున్నారా లేదా చెప్పు," అన్నారు. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఒకళ్ళకి చెప్పడం నేర్చుకుంటే అందరికీ వచ్చేసినట్టే అనుకున్నాను. ఒకసారి మన తెలుగువాళ్ళ పెళ్ళి సన్నివేశం వస్తే బాసికం అంటే ఏమిటని అడిగారు. నేను మాటలు వెతుక్కుంటుంటే పిన్ని లోపలికి వెళ్ళి అక్క పెళ్ళిలో దాచిన బాసికం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అంతా తడిమి చూసి నుదుటికి ఆనించుకున్నారు. "ఇంత తేలిగ్గా ఉంటుందా!" అన్నారు.

మీరు చాలా బాగా చెబుతారు దీదీ అని ఆయన మెచ్చుకునేవారు. అప్పుడు పిన్ని ఏమంటుందోనని ఆవిడ మొహం వైపు చూసేదాన్ని. ఆవిడ ఎన్నడూ ఏమీ అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేదాన్నేమో.

తొంభైల మధ్యలో అక్క వచ్చి పిన్నిని ఖరగ్‌పూర్ తీసుకెళ్ళిపోయింది. నేను స్టేషనుకి వెళ్ళాను. పొద్దుటి బండి. పిన్ని కిటికీ దగ్గర కూర్చుని ఊచల మధ్యనుంచి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవులెవులు వచ్చేరే?"

"మా అమ్మా నాన్నా, ఆపరేటరుగారు, డ్రైవరు బాబాయి."

"మరదలు?"

"రాలేదు పిన్నీ."

"అచ్ఛా. తమ్ముడు ఏడుస్తన్నాడేటి?"

నేను ఆయన వైపు చూశాను. అవునని చెబితే ఆవిడకి దారంతా ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. "లేదు పిన్నీ. గడియారం చూసుకుంటున్నారు."

పిన్ని నవ్వింది. "డ్యూటీ ఉంటాది వాడికి. నువ్వో?"

"నేను ఏడుస్తున్నాను."

"అది వినబడతందిలే," అంది.

బండి కదిలింది. కొంతదూరం పక్కన నడిచి చెయ్యి వదిలేశాను. అక్క అవతలి వైపు చూస్తూ కూర్చుంది, నా వైపు తిరగలేదు. పిన్ని మాత్రం నేనింకా అక్కడే ఉన్నాననుకుని కిటికీలోంచి ఏదో అడుగుతూనే ఉంది. చక్రాల చప్పుడులో ఆ మాట నాకు అందలేదు.